బోడబండ మీద పసుపు చేతులు

ఆర్మూరు మార్కెట్ యార్డు వెనక సందులో గంగాప్రసాద్, పద్మలత అనే అన్నాచెల్లెళ్ళు అద్దెకుంటున్న రెండు గదుల ఇంట్లో పసుపు అంటని వస్తువంటూ లేదు. స్విచ్‌బోర్డు పచ్చన, తలుపు గొళ్ళెం పచ్చన, దిండు గలీబులు పచ్చన, ఫోను ఛార్జరు తీగ కూడా పచ్చనే. గంగాప్రసాద్ పసుపు కొమ్ములకు పాలిష్ పట్టే డ్రమ్ము దగ్గర పనిచేస్తాడు. డ్రమ్ములోంచి లేచిన దుమ్ము రోజూ అతని వెంటే ఇంటికొస్తుంది. ఎంత దులుపుకున్నా సగం గడప దాటి లోపలికి వచ్చేస్తుంది. అందుకే ఆ ఇంట్లో ఎవరి చేతులు పచ్చగా కనబడినా ఎందుకని అడిగేవాళ్ళు లేరు.

పద్మలత డిచ్‌పల్లి యూనివర్సిటీలో ఎమ్మెస్సీ బాటనీ రెండో ఏడు చదువుతోంది. సొంతూరు దొంకేశ్వర్. అక్కడినుంచి రోజూ బస్సులో వచ్చిపోవడం కుదరదని తల్లి ఆమెను అన్న దగ్గర ఉంచింది. ఉంచుతూ, "దీని మంచి చెడ్డ అంత నీదే" అని కొడుకుతో ఒక మాట అంది. ఆ ఒక్క మాటను గంగాప్రసాద్ ప్రభుత్వ ఉత్తర్వులాగా తీసుకున్నాడు. చెల్లెలు ఎన్నింటికి బస్సెక్కింది, ఎన్నింటికి దిగింది, దగ్గితే ఎన్నిసార్లు దగ్గింది, అన్నీ అతనికి కావాలి. మంచివాడే. కానీ మంచివాళ్ళు పెట్టే కాపలా మరీ కష్టం, ఎదురు తిరగాలంటే మనసొప్పదు.

మొన్న చలికాలంలో యూనివర్సిటీలో రెండు రోజుల క్యాంపు పెట్టారు. సుస్మిత అనే ట్రైనర్ వచ్చి, తాళ్ళూ గీళ్ళూ లేకుండా వట్టి చేతులతో రాతిగుండ్లు ఎక్కడం నేర్పింది. బడిలో పరుగుపందెమంటేనే కడుపునొప్పి తెచ్చుకునే పద్మలత, మనిషెత్తు గుండు ఒకటి ఎక్కి పైన నిలబడి పకపకా నవ్వింది. ఎందుకు నవ్విందో ఆమెకే తెలియదు. పుట్టినప్పటినుంచీ ఆర్మూరు చుట్టూ ఉన్న నల్లని గుండ్లను బస్సు కిటికీలోంచి చూస్తూనే ఉంది. అవి ఎక్కడానికి కూడా ఉన్నాయని ఆరోజే తెలిసింది.

ఇంటికొచ్చి సంబరంగా చెబితే అన్న కంచంలోంచి తలెత్తలేదు.

"ఆడిపిల్ల గుండ్లెక్కుడేందే? కాలిర్గితే అమ్మకు నేనేం జవాబు చెప్పాలె? సప్పుడు జెయ్యక సదువుకో."

ఆ మాటను ఆమె ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసింది. వదిలేసింది గానీ, ఆ రోజునుంచి అబద్ధం చెప్పాల్సి వచ్చింది. మంగళవారం, శుక్రవారం లైబ్రరీ అని చెప్పి, తిరుగు బస్సులో జక్రాన్‌పల్లి దాటాక దిగిపోయేది. రోడ్డునుంచి లోపలికి నడిస్తే బోడబండ. మూడు నిలువుల ఎత్తు, నున్నటి ఒళ్ళు, మీద గడ్డిపోచ కూడా మొలవదు. గోనె సంచుల్లో వడ్ల పొట్టు కుక్కి బండ కింద పరిచి, చెప్పులు విడిచి ఎక్కేది. రెండు నిలువులు ఎక్కాక ఒక బొడిపె అడ్డొస్తుంది. ఎన్నిసార్లు ఎక్కినా అక్కడినుంచి జారి సంచుల మీద పడేది. ఒకసారి పక్కకు పడి మోకాలు వాచింది. "బాత్రూంల జారిన" అంది ఇంట్లో.

చెమట పట్టిన చేతులకు తెల్లటి పొడి రాసుకోవాలని సుస్మిత చెప్పింది. ఆ పొడి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. ఇంటి గడపలో దోసెడు పొడి ఊరికే పడి ఉండగా ఎందుకు తెప్పించడం అనుకుంది పద్మలత. ఎండలు ముదిరాక పాలిష్ దుమ్మును గుడ్డసంచిలో నింపి నడుముకు కట్టుకుంది. ఆర్మూరు పిల్లకు తప్ప ఇంకొకరికి ఆ ఆలోచన రాదు. దుమ్ము చెమటను బాగానే పీల్చింది. కాకపోతే ఎక్కిన దారి పొడుగునా, నల్లటి బండ మీద పచ్చటి అరచేతులు దిగబడ్డాయి.

మేకలు కాసే రామవ్వ వాటిని మొదట చూసింది. అందులో ఆ ముసలామె తప్పేం లేదు. మనిషన్నవాడు ఎక్కలేని బండ మీద ఆడమనిషి పసుపు చేతులు కనబడితే ఎవరికైనా దండం పెట్టబుద్ధవుతుంది. ఎండకు పసుపు వెలిసిపోతుంది కదా, మూడు రోజులకు ఆ చేతులు మసకబారి, మంగళవారం దాటగానే మళ్ళీ కొత్తగా కనబడ్డాయి. రామవ్వ కుంకుమ పెట్టింది. ఇంకెవరో కొబ్బరికాయ కొట్టారు. ఒక కుర్రాడు ఫోనులో వీడియో తీసి పెట్టాడు. పది రోజుల్లో బండ కింద ఎర్రగుడ్డ, అగరొత్తులు, జెండా వచ్చేశాయి. పసుపు కమీషన్ ఏజెంట్ నారాయణదాస్ సేట్ ముందుకొచ్చి చుట్టూ ఇనుప కమ్మీలు వేయించి బోర్డు పెట్టించాడు: చెప్పులు విడువవలెను, బండ ఎక్కరాదు. పద్మలత పరుచుకున్న పొట్టు సంచులను చెత్త అనుకొని కాల్చేశారు.

ఆ రాత్రి అన్నం తింటూ గంగాప్రసాద్ కళ్ళు పెద్దవి చేసి చెప్పాడు.

"లతా, ఎరికేనా? బోడబండ మీదికి అమ్మవారు ఎక్కుతున్నదట. సగం దాటింది. పైకెక్కిన దినం వానలే వానలట."

పద్మలతకు పొలమారింది. "ఎవలన్న మనిషెక్కిండేమోనే."

"మనుషులతోనైతదా గది? నేను పోయి జూసిన. కాలు పెట్ట జాగలేదు."

"చేతులు జూస్తే ఆడామె చేతులని తెలుస్తలేదా?"

"అందుకే గద అమ్మవారంటున్నరు!"

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. అదే చేతులతో అతనికి రొట్టె వేసింది. గోళ్ళ సందుల్లో పసుపు ఇంకా అలాగే ఉంది. బండ ఎక్కింది దేవత అంటే నమ్ముతారు, ఆడపిల్ల అంటే నమ్మరా? నాలుగు నెలలు మోకాళ్ళు చెక్కుకుపోయేలా ఎక్కిన ఎక్కుడంతా ఎవరి ఖాతాలోకి పోయినట్టు? చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. చెబితే అన్న బట్టలు సర్ది దొంకేశ్వర్ బస్సెక్కిస్తాడు, చదువు సగంలో ఆగుతుంది. ఆ రోజుకు నోరు మూసుకుంది.

కమ్మీలు వచ్చాక ఆమె ఎక్కలేదు కాబట్టి చేతులు వెలిసిపోయాయి, మళ్ళీ కొత్తవి పడలేదు. అమ్మవారు అలిగిందన్నారు. ఎందుకలిగిందని వెతికి వెతికి, రామవ్వ మేకలు బండ చుట్టూ తిరిగి మైల చేశాయని తేల్చారు. మేకలను అటు తోలొద్దన్నారు. మంగళవారం పొద్దున అందరి ముందూ రామవ్వ బండకు మొక్కి తప్పు ఒప్పుకోవాలన్నారు. ఈ సంగతి కూడా అన్నే చెప్పాడు, ఈసారి కొంచెం నీళ్ళు నములుతూ.

ఇక పద్మలత వల్ల కాలేదు. తన చేతుల మూలాన ఒక ముసలామె తలవంచడమా? అన్న ఊరికి పంపిస్తే పంపించనీ అనుకుంది.

మంగళవారం పొద్దున బండ దగ్గర అరవై మందికి తక్కువ లేరు. రామవ్వ తడిబట్టతో ఒక పక్కన నిలబడి ఉంది, ముఖంలో నెత్తురు చుక్క లేదు. పద్మలత పాత ట్రాక్ ప్యాంటు, యూనివర్సిటీ టీషర్టు వేసుకొని, నడుముకు పసుపు సంచి కట్టుకొని వచ్చింది. చెప్పులు విడిచి, కమ్మీ దాటి లోపలికి నడిచింది.

"ఏ పిల్లా! బోర్డు కనబడుతలేదా?" అని నారాయణదాస్ కేకేశాడు.

"కనబడుతుంది సేట్. గీ చేతులు నావి. నాలుగు నెలల సంది నేనే ఎక్కుతున్న. అవ్వ తప్పేం లేదు, మేకల తప్పు అంతకన్న లేదు."

జనం గొల్లున నవ్వారు. ఆమె వెలిసిన ముద్ర మీద తన అరచేయి ఆనించి చూపించింది. వేలుకు వేలు సరిపోయింది. అయినా నవ్వు ఆగలేదు. ఆ నవ్వులోంచే గంగాప్రసాద్ అందర్నీ తోసుకుంటూ వచ్చాడు.

"లతా! ఏంది గీ ఆగం? ఇంటికి నడువ్!"

"ఎక్కినంక వస్త."

అన్న మాటకు అందరి ముందూ ఎదురు చెప్పడం అదే మొదటిసారి. సంచిలో చేయి ముంచి బండ పట్టుకుంది. ఒక నిలువు ఎక్కేసరికి నవ్వులు ఆగిపోయాయి. రెండో నిలువుకు ఎవరూ ఊపిరి తీయడం లేదు. బొడిపె దగ్గరికి రాగానే ఆమె ఆగింది. కింద సంచులు లేవని గుర్తొచ్చింది. భయమేసింది. ఇంతమంది ముందు జారిపడితే, ఆడపిల్ల గనుక పడిందంటారు. చేతులు చెమర్చాయి, ఎడమ చేయి జారడం మొదలైంది.

కింద కమ్మీ దాటిన చప్పుడు వినిపించింది. గంగాప్రసాద్ సరిగ్గా ఆమె కింద చేతులు చాచి నిలబడ్డాడు. దిగమని అరుస్తాడనుకుంది.

"కుడికాలు జర మీదికి పెట్టు! మోకాలి పక్కపొంటి పగులున్నది. నీకు కనబడది, నాకు కనబడుతున్నది!"

పెట్టింది. పగులు ఉంది. నాలుగు నెలలుగా అక్కడే ఉంది. కాలి బొటనవేలు అందులో ఇరుక్కోగానే ఒళ్ళంతా పైకి లేచింది, బొడిపె మీదికి చేయి పడింది, తర్వాత రెండోది. పద్మలత బోడబండ నెత్తిన నిలబడి, క్యాంపులో నవ్వినట్టే పకపకా నవ్వింది.

కిందికి దిగేసరికి కథ అడ్డం తిరిగింది. ఎవరో "తల్లీ!" అని కేక పెట్టారు. ఎవరో ఆమె కాళ్ళ దగ్గర కొబ్బరికాయ కొట్టారు. ఒకామె కుంకుమ భరిణె పట్టుకొని మీదికొచ్చింది. నారాయణదాస్ అంతటివాడు చేతులు జోడించి, "అమ్మా, వానలెప్పుడు పడ్తయి?" అని అడిగాడు.

ఇందాకటి నవ్వుకంటే ఈ దండానికి ఆమెకు ఎక్కువ కోపమొచ్చింది.

"నా మీదికి ఎవలు రాలే. నా పేరు పద్మలత. మాది దొంకేశ్వర్. ఎమ్మెస్సీ బాటనీ సదువుతున్న. గీ బండ నేను ఎక్కిన, నా చేతులతోని ఎక్కిన. వానల సంగతి నాకెరుక లేదు. అవ్వ మేకలను మేయనియ్యున్రి."

కుంకుమ పట్టుకున్న చేయి గాలిలో ఆగిపోయింది. జనానికి ఏం చేయాలో పాలుపోలేదు. దేవతైతే మొక్కేవారు, దొంగైతే తిట్టేవారు. వట్టి ఆడపిల్ల అయ్యేసరికి ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కున్నారు. రామవ్వ మాత్రం దగ్గరికొచ్చి ఆమె అరచేతులు తిప్పి తిప్పి చూసింది. "ఎన్ని కాయలు గాసినయే బిడ్డా" అని, మేకలను అదిలించుకుంటూ పోయింది.

అన్న ఆమెను వెంటబెట్టుకొని బస్సెక్కాడు. ఇంటికొచ్చి చొక్కా దులుపుకున్నాడు, కాళ్ళు కడుక్కున్నాడు, మంచం మీద కూర్చున్నాడు. పద్మలత బట్టలు సర్దుకోవాలేమోనని గుమ్మంలోనే నిలబడింది. భయపడుతూనే, "శుక్రారం మళ్ళ పోతున్న" అంది. అది అనుమతి అడిగినట్టు లేదు.

గంగాప్రసాద్ తల పైకెత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"బాత్రూంల జారినని చెప్పి, నాతోని మూడు దినాలు ఆడి పాచి బండలు తోమిస్తివి గదనే. మళ్ళ జారుతవేమోనని రాయి వెట్టి తోమిన."

పద్మలతకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఆ రోజునుంచి ఆ ఇంట్లో ఆమె మళ్ళీ అబద్ధం చెప్పలేదు.

శుక్రవారం సాయంత్రం ఆమె బస్సు దిగేసరికి బోడబండ కింద నాలుగు కొత్త గోనె సంచులు పరిచి ఉన్నాయి. పొట్టు గట్టిగా కుక్కి, మూతులు పాలిష్ మిల్లు సుతిలి తాడుతో కుట్టి ఉన్నాయి. ప్రతి సంచి మీదా రెండు పెద్ద పచ్చటి అరచేతులు అంటుకొని ఉన్నాయి.