నిన్నటి పులుసు

మొన్న మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక వీడియో పడేశారు. పనసకాయలకి సూది పొడిచి ఏదో రంగు ఎక్కిస్తున్నారట, ఇది చూస్తే జన్మలో పనసతొన ముట్టుకోరట. వెనకాల ఢాం ఢాం అని ఒకటే మోత. నవ్వుకుని ఫోను పక్కన పెట్టేద్దునే, ఇంతలో మా తోడికోడలు "అమ్మో, ఇక మా ఇంట్లో పనస మాటెత్తం" అని రాసింది. ఆవిడ పెరట్లో పనసచెట్టుందండీ! పువ్వు దగ్గర్నించి పండేదాకా రోజూ కళ్ళతో చూసే కాయ మీద ఆవిడకి ఎవడో ఊరూ పేరూ లేనివాడు అనుమానం పుట్టించేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "పోనిద్దూ, నీకెందుకు" అన్నారు మావారు. ఎందుకంటే ఏం చెప్పను? ఈ మంట ఇవాళ్టిది కాదు, మా వదిన కొట్టు ముందు కెమెరా దిగిన నాటిది.

వదినంటే మావారి అక్కగారు. రాజమండ్రిలో కోర్టుకి వెళ్ళే దారిలో ఒక సందులో భోజనాల కొట్టు నడుపుతోంది. మొగుడు పోయాక, పిల్లలు కూడా లేరు కదా, తమ్ముడింట్లో కూర్చుని తినమంటే "నేను వండితే పదిమంది తినాలి గానీ, మీరు పెడితే నేను తినడమేంటి" అని పెట్టుకున్న కొట్టు అది. ఆవిడకున్న ఆస్తీ, పరువూ, కాలక్షేపమూ అన్నీ అదే. మధ్యాహ్నం జనం కిటకిటలాడే వేళకి నేను వెళ్ళి వడ్డనలో ఓ చెయ్యి వేసేదాన్ని. పప్పూ కూరా అందరూ వండుతారు. ఆవిడ దగ్గరికొచ్చేది చేపల పులుసుకి. సాయంత్రం పడవలొచ్చే వేళకి రేవుకెళ్ళి తనే చేప ఎంచుకునేది. మట్టి దాకలో, సన్నటి సెగ మీద, గరిటె పెట్టకుండా దాకనే రెండు చేతులా పట్టుకుని కుదుపుతూ వండేది. దింపాక మూత పెట్టి, మర్నాడు మధ్యాహ్నందాకా ఎవర్నీ దాని జోలికి పోనిచ్చేది కాదు. ఒకసారి నేను ఆశపడి దింపిన పూటే ఓ ముక్క తీసుకోబోతే చేతి మీద ఒక్కటేసింది. మన గోదావరి వాళ్ళకి ఇది చెప్పాలా? చేపల పులుసనేది ఇవాళ వండి రేపు తినే వస్తువు. అత్తారింటికి కొత్తగా వచ్చిన అల్లుడికి కూడా ముందురోజే వండి ఉంచుతారు.

అలాంటి కొట్టుకి ఓ మధ్యాహ్నం ఒకమ్మాయి మైకు పట్టుకుని వచ్చింది. వెనకాల కెమెరా ఆయన. ఊళ్ళో హోటళ్ళ మీద కార్యక్రమం చేస్తున్నామంది. ఏ ఊరి పిల్లో గానీ మాట మర్యాదగానే ఉంది. దాక మూత తీయించి "ఇది ఎప్పుడు వండారమ్మా?" అని అడిగింది. మా వదిన జడ ముందుకేసుకుని, పట్టుచీర కట్టుకున్నంత దర్జాగా చెప్పింది: "నిన్న వండిందమ్మా. ఇవాళ వండింది నేను పెట్టనే పెట్టను." ఆ తర్వాత ముక్కకి పులుపు పట్టడం గురించీ, దాక గురించీ, వాళ్ళ అమ్మ గురించీ చాలాసేపు చెప్పింది. ఆ పిల్ల తల ఊపుతూ విన్నది. మేము వెర్రివాళ్ళలా మజ్జిగ కూడా ఇచ్చి పంపాం.

సాయంత్రం అందరం టీవీ ముందు కూర్చున్నాం. పక్కింటి వాళ్ళని కూడా పిలిచాం, అదీ మా తెలివి. తెర మీద ఎర్రటి అక్షరాలు: "రాజమండ్రిలో పాచి పులుసు దందా!" మా వదిన మొహం, దాక చుట్టూ ఎర్ర సున్నా, "నిన్న వండిందమ్మా, ఇవాళ వండింది నేను పెట్టనే పెట్టను", మళ్ళీ అదే, మళ్ళీ అదే. ముక్కా లేదు, పులుపూ లేదు, వాళ్ళ అమ్మా లేదు, అన్నీ కోసేశారు. స్టూడియోలో కూర్చున్నాయన "ప్రజల ప్రాణాలంటే ఇంత అలుసా?" అని గొంతు చించుకుంటున్నాడు. పక్కింటి వాళ్ళు ఒక్కొక్కరే లేచి, పొయ్యి మీద పాలు పెట్టామంటూ వెళ్ళిపోయారు. మా వదిన నా వైపు తిరిగి, "పాచంటే తెలిసింది. దందా అంటే ఏంటే?" అంది.

మర్నాడు కోసి పెట్టిన అరిటాకులు అలాగే ఎండిపోయాయి. ఆ మర్నాడూ అంతే. మున్సిపాలిటీ వాళ్ళొచ్చి, చూసి, పులుసు కాస్త సీసాలో పట్టుకెళ్ళి, ఏ దోషమూ లేదని చెప్పారు. ఆ ముక్క ఏ టీవీ వాడూ చెప్పలేదు. కానీ నా కోపం టీవీ మీద కాదండీ, మన వాళ్ళ మీద. ఏళ్ళ తరబడి ఆవిడ చేతి పులుసు జుర్రుకున్న బ్యాంకాయన ఒకరుండేవారు. ఆయన వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "అప్పటికప్పుడు ఓ గుడ్డట్టు వేయిస్తారేంటండీ?" అన్నారు.

"మీ ఇంట్లో చేపల పులుసు ఎప్పుడు తింటారండీ?" అని అడిగింది మా వదిన.

"మర్నాడేనండి. మా అమ్మ ఆ పూట ముట్టుకోనిచ్చేది కాదు."

"మరి?"

"అది ఇంట్లో సంగతండి. ఇది టీవీలో వచ్చింది కదండీ!"

ఆయన చెడ్డవాడు కాదు, అబద్ధమూ ఆడలేదు. అందుకే నాకు మరీ మండింది. తల్లి చేతి ముద్ద ఒక పక్కా, ఎర్ర అక్షరాలు ఒక పక్కా పెడితే, చదువుకున్న మనిషి ఎర్ర అక్షరాల వైపు ఒరిగిపోయాడు.

ఆ వారం అద్దె కట్టడానికే తడుముకునే పరిస్థితి వచ్చింది. మావారు మెల్లిగా, "అక్కా, 'ఎప్పటికప్పుడు తాజా వంటలు' అని ఓ బోర్డు పెట్టేద్దాం. ఆ పూట వండిందే పెట్టు, జనం మర్చిపోతారు" అన్నారు. ఆవిడ చింతపండు పిసుకుతున్న చెయ్యి ఆపింది. "తప్పు చెయ్యకుండా చెంపలు వేసుకోమంటావేంట్రా? కొట్టు మూసేస్తాను గానీ చెడగొట్టిన పులుసు పెట్టను" అంది. బోర్డు మాత్రం రాయించింది. రంగులు పూసే ఆయన కుంచె పట్టుకుని, "'నిన్నటి' అని రాస్తే ఎవరొస్తారమ్మా?" అని బతిమాలాడు. "నువ్వు రాయవయ్యా, రానివాడు రాడు" అంది. "ఇచ్చట నిన్నటి చేపల పులుసు దొరుకును" అని, 'నిన్నటి' మాత్రం ఎర్ర రంగులో, టీవీ వాడి అక్షరాల కంటే లావుగా రాయించింది. నాకు భయం వేసిన మాట నిజం. దాంతోపాటు ఎంత సంతోషం వేసిందో కూడా చెప్పాలి.

మొదట కాలేజీ ఆడపిల్లలు ఆ బోర్డు చూసి, కిసుక్కున నవ్వి, ఫొటో దిగి, ఆకలేసి లోపలికొచ్చారు. తిన్నారు. ఆ ఫొటో ఊరంతా తిరిగింది. తిరిగేసరికి ఆ మైకు పిల్లే మళ్ళీ వచ్చింది. నేను మజ్జిగ కాదు కదా మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. "మీ నిన్నటి పులుసు గురించి చెప్పండమ్మా" అంది, మొహం చూపించలేక మైకు చూపిస్తూ. మా వదిన ఆ మైకులోకి వంగి అక్షరం మార్చకుండా అంది: "నిన్న వండిందమ్మా. ఇవాళ వండింది నేను పెట్టనే పెట్టను. అంతే. ఎంత కోస్తావో కోసుకో."

ఆ రాత్రి అదే టీవీలో, అదే మొహం, అదే దాక, అదే మాట. కింద మాత్రం "గోదారి అమ్మమ్మ కమ్మని రుచి" అని పడింది. నేను చప్పట్లు కొట్టబోయాను. మా వదిన లేచి టీవీ కట్టేసింది. "వాడు తిట్టినప్పుడు అబద్ధమన్నాం కదే. పొగిడితే నిజమైపోద్దా?" అంది.

మర్నాడు సందు నిండా జనం. బ్యాంకాయన అందరికంటే ముందు. దాక ఖాళీ అయిపోయినా కదలరే! "ఇప్పుడే వండి పెట్టేయండి, ఎంతసేపైనా నిలబడతాం" అంటారు. మా వదిన చెయ్యి కడుక్కుని, చెంగుకి తుడుచుకుని, "ఇప్పుడు వండేది రేపటికండి. రేపు రండి" అని తలుపు దగ్గరకి వేసింది. కొందరు గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. అన్నీ అప్పటికప్పుడు కావలసిన రోజులట ఇవి; అవనీండి, మా వదిన పులుసు తినాలంటే ఎంతటివాడికైనా ఇప్పటికీ ఒక రోజు ఆగక తప్పదు.