మేడిపల్లికి, యారాలి బెండతోట చూడటానికి

సిరిసిల్ల బస్టాండులో ఉదయం ఏడు గంటల బస్సెక్కాను. మేడిపల్లిలో మా యారాలు, అంటే మా మరిది భార్య లావణ్య, బెండతోట వేసింది. చూసి రావాలని బయల్దేరానంటే అది మర్యాదకు. నిజంగా అంత బాగుందా అని తేల్చుకోవాలి. ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పే నా పెరటి బెండ, ఆకులు పసుపెక్కే పల్లాకు తెగులుతో పోయింది. ఆమె తోట ఫొటోలేమో రోజూ ఫ్యామిలీ గ్రూపులో పడుతున్నాయి. మా అత్తమ్మ ప్రతి ఫొటోకూ దండం బొమ్మ పెడుతుంది. కడుపు మండదా?

ఆడవాళ్లకు జీరో టికెట్ కనుక కోరుట్ల దాకా ఖర్చు లేదు, సీటూ లేదు. రుద్రంగిలో ఒక పెద్దమ్మ జరిగి చోటిచ్చింది.

"ఏడికి పోతున్నవ్ బిడ్డా?"

"మా యారాలింటికి."

"మంచిగుంటరా ఇద్దరు?"

"మంచిగనే ఉంటం" అన్నాను. ఆమె నవ్వింది.

కోరుట్ల బస్టాండు ఎదుట ఇడ్లీ బాగుంది, చట్నీ నీళ్లు. పల్లీ చట్నీ అడిగి వేయించుకోండి. అక్కడ జగిత్యాల బస్సెక్కితే మేడిపల్లి దగ్గరే.

తోట నిజంగానే బాగుంది. నడుమెత్తు మొక్కలు, లేత కాయలు. గల్ఫ్‌లో ఉన్న మరిది పని మానేసి వచ్చేస్తున్నాడు. ఇక వాళ్లకు ఆధారం ఈ తోటే. లావణ్య ముందు నడుస్తూ చెబుతుంటే నేను వెనక వంకలు వెతికాను. చివరి సాలులో దొరికింది. నాలుగు మొక్కల ఆకుల్లో ఈనెలు పసుపు వలలా తేలాయి, నా పెరట్లో వచ్చిన తెగులే. కదిలిస్తే తెల్లదోమ లేచింది. నాకు సంతోషమైంది. దాచుకోను, చాలా సంతోషమైంది.

ఏమీ అనకుండా వచ్చి అన్నానికి కూర్చున్నాను. చేపల పులుసు కూడా బాగుంది, అదొక మంట. ఇంతలో మరిది వీడియో కాల్ చేశాడు.

"వదినా, తోట చూసినవా? ఎట్లున్నది?"

చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను. "చివరి సాలుల నాలుగు మొక్కలు పీకాలె. ఇయ్యాలనే" అన్నాను.

లావణ్య మొహం మాడింది. "కాస్తున్న మొక్కలక్కా! నీయి పోయినయని నాయి గూడ పీకమంటవా? మందు కొడితే పోదా?"

"దోమ పోతది. అది లోపలికి ఎక్కిచ్చిన వైరస్ పోదు, తోటంత అంటుకుంటది. మీ తల్లిగారింట్ల మగ్గాల షెడ్డు ఉన్నది గదా. ఎవడో ఉత్త డిజైన్ పట్టుకొని ఆ షెడ్ల జొర్రిండనుకో. మగ్గం మీది, నూలు మీది, కరెంటు మీది. నేసేది మాత్రం వాని బట్ట. గా వైరస్ గంతే. పెరుగుడు ఆపి పండుకున్న కణాన్ని గూడ లేపి, దాని మిషిన్లతోనే తన నకళ్లు తీయించుకుంటది."

"మరి మొక్కకు తెల్వదా?"

"తెలుస్తది, ఆపజూస్తది. గీ బెండతోని అయితలేదు."

లావణ్య ఆ నాలుగు మొక్కలూ పీకి, గుంత తీసి పూడ్చింది. కళ్లు తుడుచుకుంటూ నా వైపు తిరిగింది.

"నన్ను జూస్తె నీకు కుళ్లా అక్కా?"

"అవును."

"మరెందుకు చెప్పినవ్?"

నేను చెప్పుల మట్టి దులుపుకున్నాను. ఆమే సంచి నిండా కాయలు తెంపి ఇచ్చింది.

నాలుగింటికి జగిత్యాల బస్సు, అక్కడ మారి వేములవాడ మీదుగా సిరిసిల్ల. ఈ దారిన వెళ్లేవాళ్లు సోమవారం మానుకోండి, గుడి రద్దీకి బస్సులో కాలు పెట్టలేరు. మిగతా రోజుల్లో హాయిగా వెళ్లి రావచ్చు, మనసులో ఏమీ పెట్టుకోకపోతే. పక్క సీటావిడ నా సంచిలోంచి ఒక కాయ తీసి చూసింది.

"ఎంత లేతగున్నయ్ మేడం! మీ తోటయేనా?"

సంచిని ఒళ్లోకి లాక్కున్నాను.

"మా తోటయే" అన్నాను. "ఒక్క మొక్కకు గూడ తెగులు రాలే."