సామెతకు సాక్షి

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, ఇపో ఊళ్ళో మా ఇంటికి అప్ప కూతురు ఫోను చేసి, వాళ్ళమ్మకు పక్షవాతం వచ్చి మాట పడిపోయిందనీ, ఎవరినీ గుర్తుపట్టడం లేదనీ, ఆదివారంలోగా తెలివి ఉన్న జాడ కనిపించకపోతే కౌలాలంపూర్‌లో ముసలివాళ్ళను చూసుకునే చోట చేర్చేస్తామనీ చెప్పింది. చిన్నప్పటి నోటిమాటలు ఒక్కోసారి ముందుగా తిరిగి వస్తాయని డాక్టరమ్మ అన్నదట. తనకు పంజాబీ అంతంతమాత్రం, సామెతలు అసలే రావు, మీరొచ్చి చెప్పి చూడండి ఆంటీ అని ఆ పిల్ల బతిమాలితే ఆ పూటే బయల్దేరాను.

అప్ప నాకు తోడబుట్టినది కాదు. సుంగై సుమున్ ఎస్టేటులో మా కూలీల ఇళ్ళ లైను చివరింటి పంజాబీ కాపలాదారు కూతురు. నాకన్నా మూడేళ్ళు పెద్దది, మా వాకిట్లోనే పెరిగి మాలాగే తెలుగు మాట్లాడేది. సాయంత్రాలు వాళ్ళమ్మ ఆవు పాలు పితుకుతూ కంచె అవతలి నుంచి ఒక సామెత విసిరితే, ఇవతల బియ్యం ఏరుతున్న మా నాయనమ్మ దానికి జోడైన తెలుగు సామెత చెప్పి తీరాలి, అదీ వాళ్ళ పంతం. ఒకరి భాష ఒకరికి రాదు గనుక అర్థాలు చేరవెయ్యడం మా ఇద్దరి పని. ‘డిగ్గీ ఖోతే తోఁ, గుస్సా ఘుమియార్ తే’ అని ఆవిడంటే, గాడిద మీంచి పడి కుమ్మరి మీద కోపగించుకుందట అని అప్ప చెప్పేది. ఓసోస్, అదేటి గొప్ప, అత్త మీద కోపం దుత్త మీద సూపినట్టు అని సెప్పీయే అనేది నాయనమ్మ. ‘ఘర్ దా జోగీ జోగడా, బాహర్ దా జోగీ సిద్ధ్’, అంటే ఇంట్లో జోగి ఉత్త జోగిగాడు, బయటినుంచి వచ్చినవాడు మహాసిద్ధుడు అని వస్తే, పెరటి సెట్టు మందుకి పనికిరాదని బదులు పోయేది.

ఆ సామెతలే పట్టుకుని ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చున్నాను. ఒక్కొక్కటే చెవిలో చెప్పి, బదులు కోసం ఆ మొహంలోకి చూడటం, ఆమె చూపు పైకప్పు వదలకపోవడం. శనివారానికి నాకు తెలిసినవన్నీ అయిపోయాయి. ఇంటికొచ్చి, ఇంకొక్కటి గుర్తుకు తెప్పించు దేవుడా అని వలవలా ఏడ్చాను. నిజం చెప్పొద్దూ, ఒక్క మాట అనవేమే అని అప్ప మీద కోపం కూడా వచ్చింది.

ఆదివారం కారెక్కుతుంటే తట్టింది, ‘వాదడియాఁ సజాదడియాఁ, నిభణ్ సిరాఁ దే నాల్’, అలవాట్లు తల ఉన్నంతకాలం వెంటే ఉంటాయని. వెళ్ళీవెళ్ళగానే చెవిలో చెప్పాను. అప్ప పెదవులు కదిలాయి. ముద్దముద్దగా, మా నాయనమ్మ యాసలోనే, పుట్టుకతో వచ్చిన బుద్ది పుడకల్తో గాని పోదు అన్నది.

నేను ఆమె చెయ్యి పట్టుకుని భోరుమన్నాను. కాళ్ళ దగ్గర కూర్చున్న, తెలుగు ముక్క రాని కూతురు మాత్రం, “ఇది పంజాబీ కాదు, ఆంటీ. ఆ మాత్రం నాకూ తెలుస్తుంది. ఊరికే గొణుగుతోంది, పాపం” అన్నది. తెలుగమ్మా, సరైన బదులమ్మా అని మొత్తుకున్నాను. నన్ను కారులో తీసుకొచ్చిన నా మనవరాలి వైపు చూసిందా పిల్ల, నిజమేనా అన్నట్టు. మనవరాలికి ఇంట్లో మేము మాట్లాడుకునేది ఏదో అర్థమవుతుంది గాని, పుడకలనే మాట అది ఎన్నడు విన్నది గనుక. “నాకు తెలీలేదు అమ్మమ్మా, ఏటన్నారు?” అని నన్నే అడిగింది. మళ్ళీ మళ్ళీ చెప్పి చూశాను. అప్ప కళ్ళు మూసేసుకుంది. కూతురు జాలిగా నా భుజం తట్టింది.

సోమవారం తీసుకెళ్ళిపోయారు.

ఆ కాలంలో పాలకోసం వచ్చిన తమిళావిడైనా, సైకిలు మీద చేపలమ్మే మలాయివాడైనా అది తెలుగేనని చప్పున చెప్పేవారు. ఇప్పుడందరూ నాలుగు భాషలు చదువుకున్నవాళ్ళే. అప్ప మాట్లాడిందని చెప్పడానికి ఆ గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను, నా ఒక్కదాని మాట చాలలేదు.