ఎర్ర గుడ్డల బొంత

నేను చదివింది మూడో తరగతి దాకా. రాసే అలవాటు లేని చేయి కాబట్టి అక్షరాలు లావుగా పడతాయి, కాగితం ఊరికే అయిపోతుంది. మనవరాలు వదిలేసిన నోటుబుక్కులో వెనక మిగిలిన పేజీల్లోనే దీన్ని ముగించాలని కూర్చున్నాను. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే ఇది. కాకపోతే చెప్పుకునేటప్పుడు "పాపం ముసలామె, తెలియక చేసింది" అని ఒక మాట కలుపుతున్నారు. తెలియక చేయలేదు. ఆ ఒక్క మాట సరిచేయడానికే ఈ రాత.

మాది కణేకల్ దిక్కున చిన్న ఊరు. వాన మమ్మల్ని తలుచుకునేది తక్కువే గానీ, కాలువకు నీళ్లు వదిలిన నెలల్లో ఊరి కిందున్న డ్యాము నిండుతుంది. నిండితే అవతలి గట్టుకు పోయే బండిదారి మునిగిపోతుంది. ఊరి చేన్లు సగం అవతలే ఉన్నాయి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో తోలు కప్పిన గుండ్రటి పుట్టిలో కూర్చుని దాటేవాళ్లం. ఇప్పుడు చేపల సంఘం వాళ్ల మోటారు పడవ ఉంది. దాన్ని నడిపేది మా వీధి చివర ఉండే సాయిబుల ఇంటి పెద్ద కొడుకు. నలభై దాటిన మనిషి. వాళ్ల నాయన పుట్టి తోసేవాడు, ఈయన మోటారు తోలుతాడు. రంజాన్‌కు వాళ్ల సేమియా మా ఇంటికీ, ఉగాదికి మా ఓళిగలు వాళ్ల ఇంటికీ ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉన్నాయి.

ఆ నీళ్లలో తాబేళ్లున్నాయి. బావుల్లో కనబడే చిన్నవి కావు. ఒక్కొక్కటి పెద్ద పళ్లెమంత ఉంటుంది. వీపు రాయిలా గట్టిగా ఉండదు, తడిసిన తోలులా మెత్తగా ఉంటుంది. అడుగున బురదలో దాక్కుని, గాలి పీల్చుకోవడానికి మాత్రం ముక్కు కొన పైకి పెడతాయి. గుడ్లు పెట్టే కాలంలో ఆడవి గట్టు దగ్గర లోతు లేని నీళ్లలోకి వచ్చి తిరుగుతాయి. పడవ నిదానంగా వస్తే వాటికి కిందికి దిగేంత వ్యవధి ఉంటుంది. వేగంగా వస్తే పడవ వెనక తిరిగే ఫ్యాను రెక్కలు వీపు మీదనే పడతాయి. అట్లా చచ్చి గట్టుకు కొట్టుకొచ్చిన వాటిని నేనే రెండుసార్లు చూశాను.

అందుకని పోయిన వేసవిలో అటవీ శాఖ నుంచి ఒక అమ్మాయి వచ్చి, డ్యాము గట్టు మీద మీటింగు పెట్టింది.

"తాబేళ్లు వచ్చే తావులో బొంగులు పాతి ఎర్ర గుడ్డలు కడతాం. యాడ ఎర్ర గుడ్డ కనబడితే ఆడ పడవ నిదానం చేయల్ల. గట్టు మీద నడిచే మనిషిని పడవ దాటకూడదు. ఇంతే మేము అడిగేది" అంది.

పడవ నడిపే ఆయన లేచాడు. "ఎవురి నడకమ్మా? నా నడకా, ఈ అవ్వ నడకా? అవ్వ నడకయితే కూలోళ్లు చేనికాడికి పోయేసరికి పొద్దు గూకుతాది."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. "తాంబేళ్లకు దారి ఇడిసిపెట్టి మనుషులు కాసుకోని ఉండాల్నా?" అని నా వంతు నేనూ అన్నాను.

"రవ్వంత సేపు ఆలస్యమయితాదవ్వా. అంతే" అంది ఆ అమ్మాయి.

నీళ్లు రాకముందే, నేల ఎండి ఉండగానే బొంగులు పాతారు. అంతకు ముందటేడు మీటింగేమీ లేకుండానే రేవుకు కుడి పక్క పాతి ఉన్నారు. ఈసారి తాబేళ్ల జాడ చూసి ఎడమ పక్క పాతారు. పదకొండు బొంగులు, పదకొండు ఎర్ర గుడ్డలు.

వారం తర్వాత కట్టెపుల్లలు ఏరుకోవడానికి ఆ దిక్కు పోయాను. ఒక గుడ్డను తాకి చూశాను. గట్టి నూలు, రంగు దిగని రకం, మూరకు పైనే ఉంది. ఇంత మంచి గుడ్డను ఎండకూ గాలికీ పీలికలయ్యేదాకా వేలాడదీస్తారా అని ఒళ్లు మండింది. మా ఇంట్లో చినిగిన రవికెను కూడా పారేయం. చేతులు విప్పి మసిగుడ్డ చేస్తాం, వీపు ముక్క బొంతకు పోతుంది. అప్పటికి ఆరు నెలలుగా ఒక బొంత కుడుతున్నాను. పాత చీరలు, పంచెలు పొరలుగా పేర్చి నడుమంతా కుట్టాను గానీ అంచుకు గట్టి గుడ్డ దొరకక ఆగిపోయి ఉంది.

ముడులు బిగువుగా ఉన్నాయి. మిగిలిన పళ్లతో పట్టి విప్పాను. పదకొండూ విప్పి, పుల్లల మోపులో దూర్చి ఇంటికి తెచ్చుకున్నాను. అవి ఎందుకు కట్టారో నాకు తెలుసు. మీటింగులో ముందు వరసలోనే కూర్చున్నాను.

కోడలు చూసి అడిగింది. "అత్తా, ఈ ఎర్ర గుడ్డలు యాడివి?"

"సంతలో ముక్కలు అమ్ముతాంటే తెచ్చినా."

"నువ్వు గుడ్డముక్కలు కొంటివా?" అని నా ముఖంలోకి చూసింది. నేను పుట్టినప్పటి నుంచి గుడ్డముక్క కొన్న పాపాన పోలేదని ఆమెకు తెలుసు.

కాలువ నీళ్లు వచ్చాయి. డ్యాము నిండిన రెండో నాడు శెనక్కాయ చేన్లో కలుపు తీయడానికి మేము ఎనిమిది మంది ఆడవాళ్లం పడవ ఎక్కాం. రేవు దాటగానే ఆయన మోటారు తగ్గించి లేచి నిలబడ్డాడు. కళ్లకు చేయి అడ్డం పెట్టుకుని కుడి పక్కా ఎడమ పక్కా వెతికాడు. మీటింగులో గొణిగిన మనిషే, అయినా వెతికాడు.

"ఎర్ర గుడ్డలు కట్టినామన్న్యారు. యాడా కనపడ్లేదే. ఈ ఎడమ పక్క బొంగులు వలలోళ్లవి అయింటాయి. మీకెవురికైనా గుడ్డలు కనపడతాండాయా?"

మా డ్యాములో వలలు కట్టేవాళ్లు కూడా ఎక్కడంటే అక్కడ బొంగులు పాతుతారు. గుడ్డ లేని బొంగును చూసి ఎవరూ ఏమీ అనుకోరు. ఆడవాళ్లు అటూ ఇటూ చూసి కనపడలేదన్నారు. నేను ఆకువక్క నములుతున్నాను. ఉమ్మేసి ఒక్క మాట చెప్పడానికి ఎంతసేపు? చెబితే ఏడుగురు ఆడవాళ్ల ముందు బొంత సంగతి కూడా చెప్పాలి. నములుతూనే ఉన్నాను.

ఆయన కూర్చుని మోటారు పెంచాడు.

నీళ్లలో నానిన గుడ్డల మూటను బండకేసి కొట్టినట్టు ఒక చప్పుడు వచ్చింది. పడవ వణికింది. ఆయన వెంటనే మోటారు ఆపేశాడు. వెనక నీళ్లు ఎర్రగా తేలాయి. పెద్ద తాబేలు, ఒక పక్కకు ఒరిగి, మెడ జానెడు చాపి గాలి కోసం తన్నుకుంటోంది. వీపు మీద వరసగా మూడు చీలికలు.

"యా అల్లా" అన్నాడాయన, గొంతులోనే. చొక్కా విప్పి, దాన్ని చుట్టి, రెండు చేతులా పైకి లాగి మా కాళ్ల మధ్య పడుకోబెట్టాడు. పడవ తిప్పి గట్టుకు తెచ్చి, ఆ అమ్మాయికి ఫోను చేసి "నా పడవ కిందనే పడిందమ్మా, బిన్నా రా" అని చెప్పింది కూడా ఆయనే. తాబేలు ముక్కులోంచి వచ్చే ఊపిరి నా పాదానికి తగులుతూ ఉండింది. కాలు వెనక్కి తీసుకున్నాను.

అది మరుసటి రోజు చచ్చిపోయింది. కడుపులో గుడ్లున్నాయట. ఆ అమ్మాయి వాటిని తీసి, ఎడమ గట్టు మీద ఇసుకలో పూడ్చి ముళ్లకంప కప్పింది. బొంగులకు గుడ్డలు లేకపోవడం అప్పుడే చూసింది. "ముడులు నేనే కట్టినా. గాలికి ఊడేవి కావు" అని మాత్రం అంది. ఎవరి పేరూ ఎత్తలేదు. పేరు ఎత్తింది ఊరు. మీటింగులో గొణిగినవాడు ఆయనే కదా, వేగంగా పోవాలని ఆయనే పీకేసి ఉంటాడు అన్నారు. సంఘం వాళ్లు పడవ తాళంచెవి తీసేసుకున్నారు. పడవ ఇంకొకరి చేతికి ఇవ్వాలా వద్దా అనేది శుక్రవారం తేలుస్తామన్నారు.

గురువారం మధ్యాహ్నం పడవ నడిపే ఆయన భార్య మా ఇంటికి వచ్చింది. నేను నడవలో కూర్చుని బొంత అంచు కుడుతున్నాను. అలికిడి విని ఎర్ర అంచు లోపలికి మడిచి దాని మీద కూర్చున్నాను. సూది చేతిలోనే ఉండిపోయింది.

"పెద్దమ్మా, ఆ పొద్దు నువ్వు పడవలో ఉంటివి కదా" అంది, గడప దగ్గరే నిలబడి. "తక్కిన ఆడోళ్లు సంఘం మాటకు అడ్డం చెప్పల్లంటే బయపడతాండారు. నువ్వయితే ఎవురికీ బయపడవు. గుడ్డలు ముందే లేవు, ఆయప్ప ఎతికినాడు అని రేపు ఒక్క మాట చెప్పు పెద్దమ్మా. నీ మాటంటే ఇంటారు."

"నాకు కండ్లు సరింగా ఆనవు తల్లీ. ఏముండినాయో ఏం లేవో నాకేం తెలుసు" అన్నాను.

ఆమె నా చేతిలోని సూది వైపు చూసింది. అద్దాలు లేకుండా అప్పుడే ఎక్కించిన దారం దానికి వేలాడుతోంది.

"సూదిలో దారం ఎక్కిస్తాండావు కదా పెద్దమ్మా" అంది, మెల్లగా.

సూదిని బొంత మడతలోకి గుచ్చేశాను. ఆమె "సరే. దారం సాలకుంటే చెప్పంపు, మా ఇంట్లో ఉండాది" అని వెళ్లిపోయింది. ఎత్తిపొడుపు కాదది. మా ఇద్దరిళ్ల మధ్య దారం, ఉప్పు, సేమియా ఎప్పుడూ అట్లా నడిచేవే.

వంటింట్లోంచి కోడలు అడిగింది. "సంతలో కొన్న గుడ్డలేనా అత్తా అవి?"

ఎర్ర అంచు లోపలికి పోయేట్టు బొంత చుట్టాను. ఆమె మళ్లీ అడగలేదు. అన్నం పెట్టేటప్పుడు మాత్రం కంచం నేల మీద కొంచెం గట్టిగా పెట్టింది. తినలేకపోయాను. ఆ అన్నాన్ని నీళ్లు పోసి దాచుకున్నాను. అంత సిగ్గులోనూ మెతుకు పారేయడానికి చేయి రాలేదు.

శుక్రవారం బొంత చుట్టి నెత్తిన పెట్టుకుని గట్టు మీదికి పోయాను. సంఘం వాళ్లలో ఒకడు చూసి, "ఏమవ్వా, పక్కబట్టలతోనే వచ్చినావు, మీటింగు అంతసేపు జరగదులే" అన్నాడు. నలుగురు నవ్వారు. ఆయన ఒక పక్కన, తాళంచెవి లేని చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

నేను బొంత నేల మీద పరిచాను. ఇంటి నుంచి తెచ్చిన బ్లేడుతో కుట్లు తెగ్గోస్తూ ఒక్కొక్క ఎర్ర ముక్కా లాగి పక్కన పెట్టాను. నాలుగో ముక్కకు ఎవరూ నవ్వడం లేదు. పదకొండూ పెట్టాక చెప్పాను. "ఇవి నేనే విప్పుకోని పోతిని. ఆయప్ప కాదు. తాళంచెవి ఆయప్పకిచ్చేయండి."

మొదట మాట్లాడింది ఆయనే. "అడిగింటే నా పాత లుంగీ ఇచ్చింటా కదవ్వా."

సంఘం పెద్ద గొంతు సవరించుకున్నాడు. "పోనీలే, పెద్ద మనిషి. తెలీక చేసింటాది. ఇడిసిపెడదాం" అన్నాడు.

ఆ మాట పట్టుకుని ఇంటికి వచ్చేసి ఉండొచ్చు. సగం చెప్పినా తాళంచెవి ఆయనకు వచ్చేసినట్టే. కానీ వాళ్లావిడ వెనక వరసలో నిలబడి నన్నే చూస్తోంది.

"తెలిసే చేసినా" అన్నాను. "పడవలో కూడా నాకు తెలుసు. తెలిసే గమ్మునుంటిని."

ఆయన తల ఎత్తాడు. "నేను అడిగినప్పుడా అవ్వా?"

"ఆ. నువ్వు అడిగినప్పుడే."

ఆయన నన్ను చూశాడు. కోపంగా చూసి ఉంటే ఓర్చుకునేదాన్ని. ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. లేచి, తాళంచెవి తీసుకుని, పడవ దగ్గరికి నడిచి పోయాడు.

మరుసటి రోజు గుడ్డలు తిరిగి కట్టించడానికి ఆ అమ్మాయి నన్ను పడవ ఎక్కించింది. ఆయన నిదానంగా తోలుతూ ఒక్కొక్క బొంగు దగ్గరా ఆపాడు, నేను ముడి వేశాను. ప్రతి గుడ్డకూ అంచున నా సూది చేసిన బెజ్జాలు వరసగా ఉన్నాయి. గాలికి లేచినప్పుడు వాటిలోంచి వెలుతురు కనబడుతుంది. అన్నీ కట్టాక ఆ అమ్మాయి, వేగం సంగతి అందరికీ ఒకే లెక్కన తెలిస్తే బాగుండునని అంది.

ఆయన నా వైపు చూడకుండానే చెప్పాడు. "అవ్వ నడకే పెట్టమ్మా. పొద్దున్నే అవ్వ గట్టు మీద నడుస్తాది. నేను పక్కన వస్తా."

అదే ఖాయమైంది. ఈ కాలం పొడుగునా పొద్దున పడవ బయలుదేరే వేళకు నేను గట్టు మీద ఉంటాను. మొదటి ఎర్ర గుడ్డ నుంచి చివరిదాని దాకా నడుస్తాను, పక్కన నీళ్లలో పడవ వస్తుంది. గుడ్లు పూడ్చిన తావు దారిలోనే ఉంది. కంప తీసి చూడొద్దన్నారు కాబట్టి అవి పిల్లలయ్యాయో లేదో నాకు తెలియదు. వాళ్లావిడ వీధిలో కనబడితే "బాగుండావా పెద్దమ్మా" అంటుంది. ఆయన మాట్లాడడు.

అంచు లేని బొంత చుట్టి అటక మీద పెట్టాను. కప్పుకోను, ఎవరికీ ఇవ్వను.

పడవలో ఆడవాళ్లు ఒక్కోరోజు విసుక్కుంటారు. "అవ్వా, బిన్నా నడువు, చేన్లో ఎండెక్కుతాది" అని కేకేస్తారు. మోకాళ్లు నొప్పిగా ఉన్నా ఇంకొంచెం తొందరగా నడవగలను. కానీ నేను తొందరపడితే పడవా తొందరపడుతుంది. అందుకని వినబడనట్టే నడుస్తాను.