ముందు చేతి పెట్టె, తర్వాత బండి

1983 జూన్‌లో నన్ను తిరుపతిలోని ఒక పాలిటెక్నిక్ నుంచి చిత్తూరుకు డెప్యుటేషన్ మీద వేశారు. అక్కడ కొత్తగా తెరవబోతున్న హాబీ కేంద్రానికి సాంకేతిక సలహాదారు అని హోదా ఇచ్చారు. గ్రేడు మాత్రం పాత లెక్చరర్‌దే. కొత్తగా వచ్చినవి ఒక గది, ఒక బీరువా, ఒక మెకానిక్కు. రేడియో కంట్రోల్ బోట్లూ కార్లూ ఏవి తీసుకోవాలో తేల్చి, వాటి సాయంతో ఆసక్తి ఉన్నవాళ్లకు రేడియో, మోటారు, బ్యాటరీల పని నేర్పే ఏర్పాటు చేయడం నా బాధ్యత.

ఇప్పటికీ ఈ సరదాలో కొత్తగా దిగేవాళ్లు ఏ బోటు మంచిది, ఏ కారు మంచిదని నన్ను అడుగుతుంటారు. నేను చెప్పే మొదటి నియమం నా బుర్రలో పుట్టింది కాదు. ఒక మనిషి దగ్గర నేర్చుకున్నాను. అతనికి నేను చేసినది దాచి నియమం ఒక్కటే చెప్పడం నిజాయితీ అనిపించుకోదు. అందుకే ఇది రాస్తున్నాను.

అప్పటికి తిరుపతిలో నాకు హేతువాదిగా పేరుండేది. సంస్కరణ సభల్లో వాదించి పెరిగినవాణ్ని. గాల్లోంచి విబూది తీసేవాళ్ల గుట్టు వేదికెక్కి విప్పేవాణ్ని. అలిపిరి దగ్గర అద్దెకుండేవాణ్ని. కొండెక్కబోయే కొత్త కార్ల చక్రాల కింద నిమ్మకాయలు పెడుతుంటే ఆగి మరీ, నిమ్మకాయకూ బ్రేకుకూ సంబంధమేమిటని అడిగేవాణ్ని. జవాబు చెప్పలేక వాళ్లు నవ్వితే గెలిచాననుకునేవాణ్ని.

మెకానిక్కు పేరు మునిరత్నం. వడమాలపేటవాడు. నలభై దాటాయి. మద్రాసులో విదేశీ బొమ్మ విమానాలూ బోట్లూ బాగుచేసే ఒకాయన దగ్గర పదేళ్లు పనిచేసి, మా పాలిటెక్నిక్ వర్క్‌షాపులో మస్టర్ రోలు మీద చేరాడు, అక్కణ్నుంచే అతన్ని ఈ కేంద్రానికి పంపారు. మస్టర్ రోలు అంటే హాజరు పట్టీలో పేరున్నంతవరకే ఉద్యోగం. ఆరేళ్లుగా అతని పేరు ఆ పట్టీలోనే ఉంది. ఆ ఏడు అలాంటివాళ్లను పర్మనెంటు చేసే ఫైలు కదిలింది. అతనికి కావలసినవి రెండు: పై అధికారిగా నా యోగ్యతాపత్రం, కేంద్రాన్ని పర్యవేక్షించే జిల్లా ఆఫీసరు సిఫారసు. వయోపరిమితి సడలింపు ఆ ఒక్కసారికే. అది తప్పితే మునిరత్నానికి మరో అవకాశం లేదు.

మద్రాసు డీలరు మూడు బోట్లు, మూడు కార్లు నెల రోజుల పరీక్షకు పంపాడు. కార్లను హైస్కూలు మైదానంలో, బోట్లను ఊరి బయట ఒక మామిడితోటలోని సిమెంటు తొట్టిలో పరీక్షించాం. పెట్టె మీది బొమ్మ చూసి కొనేవాడు వేగాన్ని కొంటాడు. మేం చూసినవి వేరు. ఇంజను కారుకు ప్రత్యేకమైన ఇంధనం కావాలి, అది చిత్తూరులో దొరకదు. బ్యాటరీ కారైతే మళ్లీ మళ్లీ ఛార్జి చేసుకోవచ్చు. మన నేల గరుకు ఇసుక, కాబట్టి పొట్ట నేలకు తగలని కారు కావాలి, గేర్ల పెట్టె మూసి ఉండాలి. చక్రాలు, గేర్లు విడిగా దొరకాలి. రెండు కార్లు ఒకేసారి నడపాలంటే రెండింటికీ వేర్వేరు క్రిస్టళ్లు ఉండాలి. రేడియో ఏ తరంగం మీద పలకాలో నిర్ణయించే చిన్న బిళ్ల అది. ఇద్దరికీ ఒకే క్రిస్టల్ ఉంటే ఒకడు తిప్పినప్పుడు ఇద్దరి కార్లూ తిరుగుతాయి.

బోట్లలో రెండు నీటిని కోసుకుంటూ దూసుకుపోయేవి, ఒకటి వెడల్పాటి అడుగుతో నిదానంగా సాగేది. నా మొగ్గు దూకుడు బోటు మీద ఉండేది. మునిరత్నం మూడింటినీ తిరగేసి, వేలితో ప్రొపెల్లర్ కడ్డీని తిప్పి చూసి, నిదానపుదాన్ని పక్కన పెట్టాడు.

“మా బావమరిది వాళ్లది పులికాట్ ఒడ్డు సార్. ఆడ కొత్తగా గెడ పట్టినోణ్ని ఎవురూ పరుగుపడవ ఎక్కించరు. ఇది మలుపులో తిరగబడదు, కరెంటు అయిపొయ్యేలోగా గట్టుకొస్తాది,” అన్నాడు.

పరీక్షలో దూకుడు బోటు రెండుసార్లు బోల్తా కొట్టింది. నిదానపుది కొట్టలేదు. దాన్నే ఎంపిక చేశాను. బోటులోని రిసీవర్‌ను, అంటే రేడియో సంకేతాన్ని అందుకునే భాగాన్ని, అతను రబ్బరు బుడగలో దూర్చి మూతి ముడివేశాడు, నీరు తగలకుండా. చాలా బాగుందని మెచ్చుకున్నాను. కారణం కంటికి కనిపించింది గనుక ఒప్పుకున్నాను.

నాకు మింగుడుపడనిది మరొకటి ఉంది. బండి నడిపే ప్రతిసారీ మునిరత్నం చెప్పులు విడిచేవాడు. ట్రాన్స్‌మిటర్‌ను, అంటే చేతిలో పట్టుకుని నడిపే పెట్టెను, కళ్లకద్దుకునేవాడు. ఏరియల్ పూర్తిగా లాగి, ముందు ఆ పెట్టె స్విచ్ వేసి, ఆ తర్వాతే కారు స్విచ్ వేసేవాడు. ఆపేటప్పుడు ముందు కారు, చివరన పెట్టె. నుదుట విబూది, నోట్లో ఏదో గొణుగుడు. ఒక్కరోజూ ఆ వరస తప్పేది కాదు.

ఒకరోజు అడిగాను, కారు ముందు వేస్తే ఏమవుతుందని.

“వొద్దు సార్. పిలిసేవాడు లేనప్పుడు చెవి తెరిసి పెడితే అది ఎవురి మాటైనా ఇంటాది.”

“ఎవరి మాట వింటుందప్పా? దయ్యాలదా?”

“గాల్లో ఏముండాదో మనకు కనపడదు గదా సార్.”

ఆ ఒక్క మాటతో నాలోని వక్త లేచాడు. కనపడనిది గాల్లో ఉందనేవాళ్లతోనే గదా నా జీవితమంతా తగాదా. అతని ముందే కారు స్విచ్ ముందు వేశాను. మా గదిలో, తలుపులు వేసి. కారు కదల్లేదు. చూశావా అన్నట్టు చూశాను. ప్రయోగంతో ఒక మూఢనమ్మకాన్ని పూర్వపక్షం చేశానని తృప్తిపడ్డాను.

కేంద్రం ప్రారంభం ఆగస్టులో ఒక ఆదివారం ఉదయం జరిగింది. హైస్కూలు మైదానంలో షామియానా వేశారు. ఆఫీసరుగారు ముందు వరసలో కూర్చున్నారు. ఆయన నా సభలకు వచ్చేవారు, నన్ను గౌరవించేవారు. కరెంటు కోత వల్ల మైకు సెట్టుకు జనరేటరు పెట్టించారు. షామియానా పక్కనే పటపటమంటూ నడుస్తోంది. మునిరత్నం ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఆఫీసరు అతని పని చూస్తే సిఫారసు అక్కడికక్కడే అవుతుందని నేనే అతనికి చెప్పి ఉన్నాను.

అతను పెట్టెను కళ్లకద్దుకోబోతుంటే జనంలోంచి ఒకాయన అరిచాడు: “ఏమప్పా మునిరత్నం, బండికి దిష్టి తీసినావా? నిమ్మకాయ యాడ?”

అందరూ నవ్వారు. నేను మైకు అందుకున్నాను. అంత అనువైన సందర్భాన్ని వదులుకునే స్వభావం నాకు లేదు. యంత్రానికి భక్తి అక్కర్లేదన్నాను. మన మెకానిక్కు రోజూ ఒక పూజావిధానం పాటిస్తాడు, అది తప్పితే బండి ఎవరి మాటో వింటుందట, ఇప్పుడే చూద్దామన్నాను. కారు దగ్గరికి వెళ్లి వంగాను.

మునిరత్నం రెండడుగులు ముందుకొచ్చి, నాకు మాత్రమే వినపడేలా అన్నాడు: “వొద్దు సార్. జనరేటరు ఆడుతా ఉండాది.”

అతను భయపడుతున్నాడనుకున్నాను. మాట వినపడింది, అర్థం వినపడలేదు. “జనరేటర్‌కూ దయ్యానికీ చుట్టరికమా?” అన్నాను మైకులో. మళ్లీ నవ్వులు. మునిరత్నం తల దించుకున్నాడు. కారు స్విచ్ వేశాను.

ఒక క్షణం అది కదల్లేదు. నేను జనం వైపు తిరిగి చేతులు చాచాను. నా వెనక కారు ముందుచక్రాలు గిలగిల కొట్టుకున్న చప్పుడైంది. మరుక్షణం కారు పూర్తి వేగంతో దూసుకుపోయి ఆఫీసరుగారి మోకాలి కింద ఎముకకు తగిలింది. ఎగిరిపడి, కుర్చీల కిందినుంచి పోయి, రాతి గోడకు కొట్టుకుని ఇరుసు విరిగి ఆగింది. ఆఫీసరుగారి ప్యాంటు మీద నెత్తురు. ఎవరో అన్నారు: “సార్‌కు సాక్ష్యం దొరికింది.” ఈసారి నవ్వింది నన్ను చూసి.

ఆఫీసరుగారు లేచి నిలబడ్డారు. “ఈ బండ్లు చూసుకునేదెవరు?” అని అడిగారు.

నేను నోరు తెరవలేదు. మునిరత్నం ముందుకొచ్చి, “నేనే సార్,” అన్నాడు. అది నిజమే. అడిగిన ప్రశ్నకు సరైన జవాబే. నేను చెప్పవలసిన జవాబు మాత్రం అది కాదు.

ఆ మధ్యాహ్నం కారుతో వచ్చిన పుస్తకం తీశాను. సర్క్యూటు బొమ్మలున్న పేజీలు అంతకుముందు క్షుణ్ణంగా చదివాను. నడిపే విధానం రాసిన పేజీలు కొనుక్కునేవాళ్ల కోసమని వదిలేశాను. మూడో పేజీలో పెద్ద అక్షరాలతో ఉంది: ముందు ట్రాన్స్‌మిటర్, తర్వాత కారు. కింద కారణం కూడా. ట్రాన్స్‌మిటర్ పలుకుతున్నంతసేపు రిసీవర్ ఆ బలమైన తరంగాన్నే పట్టుకుంటుంది. అది లేకపోతే తన శక్తినంతా పెట్టి గాల్లో వెతుకుతుంది, ఏ రొద దొరికితే దాన్నే ఆజ్ఞగా తీసుకుంటుంది. జనరేటరు ప్లగ్గులో ఎగిరే ప్రతి నిప్పురవ్వా ఒక చిన్న రేడియో స్టేషనే. ఇది నేను ఏటా పాలిటెక్నిక్‌లో చెప్పే పాఠం. మునిరత్నం చెప్పిందీ అక్షరాలా ఇదే. చెవి అన్నాడు, పిలిచేవాడన్నాడు, గాల్లో కనపడనిది ఉందన్నాడు. రేడియో గురించి అంతకన్నా తేటగా చెప్పడం నాకూ చేతకాదు.

మరునాడు నివేదిక రాయవలసి వచ్చింది. అప్పటికి నాకంతా తెలుసు. ఆ వారంలోనే తిరుపతిలో ఒక చర్చాసభ ఉంది. అవతలిపక్షం వాళ్లకు ఈ కథ అప్పటికే చేరి ఉంటుందని నా భయం. తప్పు నాదని కాగితం మీద ఒప్పుకుంటే ఆ కాగితాన్ని వేదిక మీద చదువుతారనుకున్నాను. ‘పరికరం నిర్వహణలో లోపం వల్ల ప్రమాదం జరిగింది’ అని రాసి సంతకం పెట్టాను. మా కేంద్రంలో నిర్వహణ అంటే మునిరత్నం. అది నాకు తెలుసు, ఆఫీసరుగారికి తెలుసు. అతని యోగ్యతాపత్రం కూడా అదే రోజు ఇచ్చాను, చాలా మెచ్చుకుంటూ. రెండూ ఒకే ఫైలులోకి వెళ్లాయి. ఆఫీసరుగారు నివేదికనే నమ్మారు, సిఫారసు చేయలేదు.

ఆ సంగతి తెలిసిన రోజు మునిరత్నం పనిముట్లు తుడిచి బీరువాలో సర్దుతున్నాడు. సిగ్గుతో నేను మరో తప్పు చేశాను. అతన్నే అడిగాను: “ఆ రోజు నువ్వు ఆఫీసరుకు ఒక మాట చెప్పి ఉండొచ్చు గదా?”

“మీకు సెప్పినాను గదా సార్,” అన్నాడు. “జనరేటరు ఆడుతా ఉండాదని.”

తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. మూడు వారాల తర్వాత ధైర్యం కూడగట్టుకుని, జరిగింది జరిగినట్టు రాసి ఆఫీసరుగారికి రెండో ఉత్తరం పంపాను. ఫైలు హైదరాబాదు వెళ్లి మూసేశారని జవాబు వచ్చింది. చర్చాసభలో నన్నెవరూ కారు గురించి అడగలేదు. ఆ రోజు నా ఉపన్యాసానికి చప్పట్లు బాగానే పడ్డాయి.

నాలుగేళ్ల తర్వాత పుత్తూరు పోతూ వడమాలపేటలో దిగాను. రోడ్డు పక్క రేకుల షెడ్డులో మునిరత్నం బోరు మోటార్లకు వైండింగు చేస్తున్నాడు. స్టూలు లాగి కూర్చోమన్నాడు. క్షమించమని అడిగాను. అతను రాగితీగ చుట్టడం ఆపలేదు.

“అదంతా అయిపోయింది సార్. ఒకటి మాత్రం అడగాలనుకున్నా. అన్నాళ్లు నా పక్కనే ఉంటిరి. ఎందుకట్ల చేస్తావని ఒకసారైనా సరిగా అడగలేదే?”

అడిగానన్నాను.

“ఎగతాళికి అడిగినారు. దండం పెట్టేది నా కోసం సార్, పొద్దున్నే చెయ్యి వణకకుండా. వరస బండి కోసం. మద్రాసులో మా ఓనరు తల మీద మొట్టి నేర్పించినాడు. మీరు రెండూ ఒకటే అనుకున్నారు.”

టీ తెప్పించాడు. తాగి బస్సెక్కాను. క్షమించానని అతను అనలేదు, నేనూ మళ్లీ అడగలేదు.

ఆ ఉదంతం నాకు నేర్పింది ఇది. విబూది చూసి మాటను నమ్మేవాడూ, విబూది చూసి మాటను కొట్టేసేవాడూ ఇద్దరూ మాటను పరీక్షించనివాళ్లే. నేను చేసిన ప్రయోగం ఒక్కటి, అదీ తలుపులు మూసిన గదిలో, నాకు కావలసిన ఫలితం కోసం. అలాంటి ప్రయోగంతో ఏ బాబా అయినా నా ముందుకొస్తే వేదిక దిగేదాకా వదిలేవాణ్ని కాను. దేవుడు లేడన్న నా అభిప్రాయం ఈనాటికీ మారలేదు. నాకు రుజువులంటే గౌరవమన్న అభిప్రాయం మాత్రం ఆ ఆగస్టులోనే పోయింది. ఎదుటివాళ్ల దగ్గర రుజువులు అడగడం ఇష్టమంతే.

బోటో కారో కొంటామని వచ్చేవాళ్లకు నేనొక కాగితం రాసిస్తాను. బ్యాటరీ, క్రిస్టల్, విడిభాగాలు, వెడల్పాటి అడుగు, అన్నీ అందులో ఉంటాయి. అన్నిటికన్నా పైన ఉండేది మాత్రం ఇది: ముందు చేతి పెట్టె, తర్వాత బండి, ఆపేటప్పుడు ముందు బండి, తర్వాత చేతి పెట్టె. దాని పక్కన మునిరత్నం పేరు రాస్తాను. నా పేరు ఉండవలసింది ఆ నివేదికలో.