రమణమ్మ గ్రైండరు ఆపిన రోజులు

అది 2012, వానలు మొదలవడానికి ముందు రోజులు. రాయ్‌పూర్ నగరపాలికలో సబ్ ఇంజనీరుగా చేరి నాకు ఆరేళ్లయింది. ఏటా ఆ రోజుల్లో మా విభాగానికి ఒకటే పని: పాత ఇళ్ల చుట్టూ తిరిగి ఏది వానకు నిలుస్తుంది, ఏది కూలుతుంది అని రాయడం. కూలేటట్టున్న వాటిని ఇక్కడ జర్జర్ భవన్ అంటారు. గోడ మీద ఎర్ర రంగుతో ఆ మాట రాశామంటే ఆ ఇంటికి నూకలు చెల్లినట్టే.

నగరంలోని పాత పేట పురానీ బస్తీలో నూరేళ్లు దాటిన ఇళ్లు కొన్ని పురాతన భవనాల జాబితాలో ఉండేవి. వాటిని కూల్చాలంటే కమిటీ అనుమతి కావాలి. అది అంత తొందరగా రాదు. అయితే మనుషులకు ప్రమాదం ఉందని ఇంజనీరు రాస్తే కమిటీ దాకా పోనక్కర్లేదు, వెంటనే కూల్చవచ్చు. అందుకే పాత ఇళ్ల యజమానులకు నన్ను చూస్తే ఎక్కడలేని అభిమానం పుట్టుకొచ్చేది.

ఆ ఏడు అలా అభిమానించినాయన ఒక సేఠ్. ఆయనది సున్నం, ఇటుకలతో కట్టిన రెండంతస్తుల ఇల్లు. రెండడుగుల మందం గోడలు, వీధివైపు చెక్కడపు పని ఉన్న కర్ర బాల్కనీ. ముందు గోడలో ఏటవాలుగా ఒక పొడవాటి పగులు. దాన్ని చూపించేటప్పుడు సేఠ్ గొంతులో దిగులు కంటే ఉత్సాహమే ఎక్కువగా వినిపించింది. ఇల్లు పడగొట్టి దుకాణాల కాంప్లెక్స్ కట్టాలని ఆయన కోరిక.

కింద వీధి గదిలో రమణమ్మ ఇడ్లీ దుకాణం. ఆవిడ శ్రీకాకుళం మనిషి. భర్త ఉర్లా పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. వాళ్లుండే బీర్‌గావ్ నుంచి తెల్లారి మొదటి ఆటోలో వచ్చి పొయ్యి వెలిగిస్తుంది. పద్దెనిమిదేళ్లుగా అక్కడే ఉంది, చేతిలో అద్దె కాగితం ముక్క కూడా లేదు. ఇల్లు పోతే దుకాణమూ పోతుంది.

పగులు పాతదా, ఇంకా పెరుగుతోందా తెలుసుకోవడానికి మేం టెల్‌టేల్ పెడతాం. పగులుకు అడ్డంగా సన్నని గాజుపట్టీ ఉంచి, రెండు చివరలా ప్లాస్టర్‌తో అతికించి, తేదీ రాస్తాం. గోడ కదిలితే గాజు విరుగుతుంది. అలాంటివి మూడు పెట్టాను: రెండు పగులు మీద, ఒకటి బాల్కనీ దూలం గోడలోకి దిగే చోట.

"ఇదేటమ్మా?" అని రమణమ్మ తెలుగులో అడిగేసరికి ప్రాణం లేచొచ్చి, మా అమ్మవాళ్లదీ ఆ జిల్లాయేనని చెప్పి, నోరు జారాను.

"గాజు విరిగితే ఇల్లు కూల్చాల్సి రావచ్చు పిన్నీ. నెల తర్వాత వచ్చి చూస్తాను" అన్నాను.

పదిహేను రోజులకే సేఠ్ ఆఫీసుకు వచ్చారు, ముఖం ఎర్రగా చేసుకుని.

"మేడమ్‌జీ, యే తో చీటింగ్ హై! గ్రైండర్ బంద్, దర్వాజా బంద్, సబ్ బంద్!"

ఆయనతో వెళ్లి చూద్దును కదా, దుకాణంలో చీమ చిటుక్కుమంటే వినిపించేటంత నిశ్శబ్దం. గాజుపట్టీలకు పసుపు, కుంకుమ. తలుపు దబ్బున పడకుండా తాడుతో కట్టేసి ఉంది. స్కూటరు స్టాండు వేయబోయిన ఒకాయనను రమణమ్మ పక్క సందులోకి తరిమింది. గ్రైండరు మీద దుప్పటి కప్పి, పిండి రుబ్బురోట్లో రుబ్బుతోంది. రెండు చేతులకూ బొబ్బలు. దోసె ఎత్తేసింది, ఇడ్లీ ఏడింటికే అయిపోతోంది. సేఠ్ రోజూ పొద్దున్నే గాజు విరిగిందేమోనని చూడ్డానికి వచ్చి, అక్కడే దోసె తినేవారట. ఆయన కోపంలో దోసె వాటా ఎంతో నాకు ఇప్పటికీ తెలీదు.

కానీ ఆయన మాట న్యాయమైనదే, ఇల్లు రోజూ వాడినట్టు వాడితేనే పరీక్షకు విలువ. గ్రైండరుకు ఆ గోడ చలించదని నాకు తెలుసు. అయినా రేపు ఆయన అభ్యంతరం రాసిస్తే నా రిపోర్టు చెల్లదు.

"గ్రైండరు వెయ్యండి పిన్నీ" అన్నాను.

"నానెయ్యనమ్మా! అదేసితే గోడ ఒణుకుతాది. గాజిరిగిపోతే నా బతుకేటవుతాది? నువ్వే గదేటి సెప్పినావు!" ఆవిడ కళ్లనీళ్లు చూసి నాకు సిగ్గేసింది. సగం చెప్పి భయపెట్టింది నేనే. కూర్చోబెట్టి మిగతాది చెప్పాను: గాజు విరిగినంత మాత్రాన ఇల్లు పోదు, ఎక్కడ, ఎందుకు విరిగిందో చూసి మరమ్మతుతో సరిపోతుందేమో తేలుస్తాం.

"మీరు మానేస్తే పరీక్ష చెల్లదు. మళ్లీ మొదటినుంచి చెయ్యాలి" అన్నాను చివరికి.

ఆవిడ దుప్పటి తీసి, కళ్లు మూసుకుని స్విచ్ వేసింది. గ్రైండరు గరగరమంది. ముగ్గురం గోడకేసి చూస్తూ నిలబడ్డాం. నేను తటస్థంగా ఉండాల్సినదాన్ని. ఉండలేకపోయాను, లోపల దేవుళ్లందరికీ మొక్కేశాను.

గాజులు మూడూ అలాగే ఉన్నాయి. తేదీలు మార్చి లెక్క మళ్లీ మొదలుపెట్టాను. నెలంతా వానలు దంచికొట్టాయి. గడువు నాటికి పగులు మీది గాజులు రెండూ చెక్కుచెదరలేదు. బాల్కనీ దగ్గరిది మాత్రం నడిమికి విరిగింది.

సేఠ్ చప్పట్లు కొట్టినంత పని చేశారు. రమణమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. నేను నిచ్చెన ఎక్కి సుత్తితో తట్టి చూశాను. గోడ గట్టిది, దూలం కొస చెద తినేసి ఉంది. ఉన్నది ఉన్నట్టు రాశాను: ముందు గోడకు ప్రమాదం లేదు. బాల్కనీకి వెంటనే ఆధారం కట్టి దూలం మార్చాలి. ఇల్లు కూల్చడానికి కారణం కనబడలేదు.

కమిటీ అడిగిన పాత నమూనాలోనే బాల్కనీ బాగుచేయించడానికి సేఠ్ నాలుగు రోజులు సణిగి ఒప్పుకున్నారు. దుకాణం మూడు వారాలు మూతపడింది. తెరిచిన రోజు ఆయనే అందరికంటే ముందు వచ్చి కూర్చున్నారు.

ఇప్పుడు కొత్తగా చేరిన ఇంజనీర్లతో పాత ఇళ్లకు వెళ్లినప్పుడు, నిచ్చెన ఎక్కకముందు ఇంట్లోవాళ్లతో కూర్చోమంటాను. గాజు విరిగితే ఏమవుతుందో, విరిగినా ఏం కాకపోవచ్చో రెండూ చెప్పమంటాను. నేను చెప్పకుండా వదిలేసిన సగానికి ఒక మనిషి రెండు చేతులూ బొబ్బలెక్కేదాకా పిండి రుబ్బింది.