సదరు వ్యక్తి చెంచురామయ్య

మా సత్తెనపల్లిలో చెంచురామయ్య గారు వారానికో సినిమాకి వెళ్తారు. పదేళ్ళలో ఒక్క సినిమా కూడా చూడలేదు. టిక్కెట్టు తీసుకుని, హాల్లోకి పోయి, తెర కింద ఎడమ తలుపు పక్కన కుర్చీ వేసుకుని, తెరకి వీపు పెట్టి కూర్చుంటారు. మూడు గంటలూ జనం మొహాలు చూస్తారు.

దీనికి కారణం గుంటూరు మిర్చి యార్డు. అక్కడ ఒక కమీషన్ కొట్లో ఆయన ముప్ఫై ఏళ్ళు గుమస్తాగా చేశారు. మిరపకాయల టిక్కీలో, అంటే గోనె బస్తాలో, మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగున ఉన్న కాయ తీసి, సరుకు ఎలాంటిదో చెప్పడం ఆయన ఉద్యోగం. పైన ఎప్పుడూ ఎర్రటి కాయే ఉంటుంది, తెల్లబోయిన తాలుకాయ అడుగున ఉంటుంది, పైది చూసి మురిసేవాడు గుమస్తాగిరీకి పనికిరాడని ఆయన వాదన. రిటైరై ఊరికి వచ్చాక చెయ్యి పెట్టడానికి టిక్కీలు లేక, సినిమా హాలు మీద పడ్డారు. తెర మీద ఆడేది పై కాయ అట. అసలు సరుకంతా కుర్చీల్లో ఉంటుందట.

హాలు యజమాని గౌస్ బాషా మొదట్లో ఆయన్ని రెండుసార్లు బయటికి పంపించాడు. మూడోసారి పంపిస్తుంటే, ఆయన గుమ్మంలో నిలబడి, హీరో తల్లి చచ్చిపోయే సీన్లో మూడో వరుస మొత్తం ఆవలించిందనీ, శుక్రవారానికి వేరే సినిమా చూసుకోమనీ చెప్పి వెళ్ళారు. గురువారం సాయంత్రానికి హాల్లో పదకొండుమంది మిగిలారు. అప్పట్నుంచీ ఆ కుర్చీని గౌస్ బాషా స్వయంగా తుడిపిస్తాడు.

జనానికి మాత్రం ఆయన పెద్ద శాపం. హాల్లో ఎవరూ మనశ్శాంతిగా ఏడవడానికి లేదు. ఒకసారి రెవెన్యూ ఆఫీసులో ఒక గుమస్తా ఎవరో రైతుని పాస్ పుస్తకం కోసం తిప్పుకుంటుంటే, ఈయన వెళ్ళి, మొన్న మ్యాట్నీలో కూతుర్ని అప్పగించే సీన్లో కర్చీఫు తడిసిందాకా ఏడ్చారు కదండీ, ఆ మనసు ఆఫీసుకి తెచ్చుకోరా అని నలుగురి ముందూ అడిగారు. పని జరిగింది. ఆ గుమస్తా మళ్ళీ మా ఊళ్ళో సినిమాకి రాలేదు, చూడాలనిపిస్తే నరసరావుపేట పోతున్నాడు.

ఇది నా కళ్ళముందే జరిగింది. నా పేరు జయరావు. ఆ ఆఫీసు ఎదురుగా రేకుల పంచలో బల్ల వేసుకుని జనానికి అర్జీలు రాసిపెడుతుంటాను. ఊరందరిలాగే నేనూ ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తాను.

ఈ మార్చిలో ఒక సినిమా వచ్చింది. పేరు రాయను. రాస్తే దాన్ని మెచ్చుకునేవాళ్ళూ తిట్టేవాళ్ళూ ఇద్దరూ నా బల్ల దగ్గరికే వస్తారు. ఒకడు ఒక అమ్మాయిని ప్రేమిస్తాడు. ఆమె వద్దంటుంది. వాడు వెంటపడతాడు, ఆమె ఫోను దొంగిలిస్తాడు, ఇంటర్వెల్‌కి ముందు ఆమెని గదిలో పెట్టి తాళం వేస్తాడు. వాడికి మతి చెడిందని దర్శకుడు చెప్పాడట. ఆ సంగతి మా హాల్లో ఎవరికీ అందలేదు. కుర్రాళ్ళు అదే గడ్డం పెంచారు. కాలేజీలో పాఠాలు చెప్పే జయకుమారి గారు ఆ పోస్టరు ముందు నిలబడి అరగంట ఉపన్యాసం ఇచ్చారు. విన్నవాళ్ళలో సగంమంది ఆవిడ మాటలతోనే సినిమా మీద ఆసక్తి పుట్టి టిక్కెట్లకి వెళ్ళారు.

నేనూ వెళ్ళాను. అకాల వర్షాలకి కళ్ళాల్లో కాయ తడిసి బూజుపట్టి, ఊరంతా దిగాలుగా ఉన్న రోజులవి. పట్టలు కప్పీ తీసీ విసిగిపోయిన మనుషులు మధ్యాహ్నం ఆటకి వచ్చి, బయట తీరని కసంతా ఈలల్లో తీర్చుకున్నారు. అమ్మాయి వద్దని ఏడిస్తే ఈల. హీరో చెంపదెబ్బ కొడితే ఈల. నా పక్కనాయన ఒళ్ళో ఆరేళ్ళ కూతుర్ని కూర్చోబెట్టుకుని మరీ ఈల వేశాడు. బయటికి వచ్చాక చెంచురామయ్య గారు నా భుజం మీద చెయ్యేశారు.

"తాళం వేసినప్పుడు నువ్వు చప్పట్లు కొట్టావురా జయరావూ."

"అందరూ కొట్టారు బాబాయ్."

"అందర్నీ కూడా చూశాను."

ఆయన మీద నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికి పోయాక మాత్రం, అన్నం వడ్డిస్తున్న నా కూతురి మొహంలోకి సూటిగా చూడలేకపోయాను. సిగ్గేసింది, నిజం చెప్పాలంటే.

ఆ మర్నాటి నుంచి ఆయనకి మతి పోయింది. బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే చైతన్యకృష్ణ అనే కుర్రాడి వెంటపడ్డారు. పొద్దున్నే వాడు షాపు తీసేసరికి ఎదురుగా బల్ల మీద ఈయన ఉండేవారు. వాడు టీ తాగితే పక్కన నిలబడేవారు. క్షవరానికి వెళ్తే వెనక కుర్చీలో కూర్చుని అద్దంలోంచి చూసేవారు. వాడు బైకు మీద దూసుకుపోతే, ఈయన పాత మోపెడ్ మీద కూరగాయల బండ్ల కంటే నెమ్మదిగా పోయి, ఎలాగో వాడికంటే ముందే అక్కడ ఉండేవారు. ఏం కావాలి తాతా అని వాడు అడిగితే ఒకటే జవాబు. "ఏం లేదయ్యా, నువ్వు కానియ్."

ఊరు నాలుగు రోజులు నవ్వింది, అయిదో రోజునుంచి జాలిపడింది. పెద్దాయనకి చిత్తం చలించిందని ఒకరు, యార్డులో ముప్ఫై ఏళ్ళు పీల్చిన ఘాటు ఇప్పటికి నెత్తికెక్కిందని ఇంకొకరు అన్నారు. శివపార్వతి పిన్ని, అంటే ఆయన భార్య, గుడికి రావడం మానేసింది. గౌస్ బాషా పిలిచినా ఆయన సినిమాకి వెళ్ళలేదు. అంత దిగులుగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

పదో రోజున చైతన్యకృష్ణ నా బల్ల దగ్గరికి వచ్చాడు. సినిమా చూసి పెంచిన గడ్డం సగం గీసి ఉంది, కళ్ళు లోపలికి పోయాయి. చెంచురామయ్య గారి మీద స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వాలి, రాసిపెట్టమన్నాడు. ఆయన రోడ్డు అవతల మోపెడ్ మీద కూర్చుని మా ఇద్దర్నీ చూస్తూనే ఉన్నారు. నేను కాగితం తీసి, సబ్ ఇన్‌స్పెక్టర్ గారి సముఖమునకు అని మొదలుపెట్టి, ఆయన ఏం చేశారో చెప్పమన్నాను. తిట్టలేదట. కొట్టలేదట. చూస్తారట.

"చూస్తే ఏమవుద్దిరా?"

"మీకేం తెలుసు సార్. కూడు లోపలికి దిగట్లా. నడుస్తుంటే వీపు మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టుంటాంది. దారి మార్చా, ఆ దార్లోనూ ఉన్నాడు. వద్దని మూడుసార్లు చెప్పా సార్. వద్దంటే అర్థం కాదా మనిషికి?"

ఎందుకు తిరుగుతున్నారో అడిగావా అన్నాను.

"అడిగా. నువ్వంటే ఇష్టం అన్నాడు."

అర్జీల్లో ఒక మనిషి పేరు ఒకసారి రాశాక, తర్వాత అంతా సదరు వ్యక్తి అని రాయడం మా పద్ధతి. అలాగే రాశాను. సదరు వ్యక్తి నా ఇష్టానికి విరుద్ధంగా నా వెంట తిరుగుచున్నాడు. సదరు వ్యక్తి వలన నాకు నిద్రాహారములు లేవు. సంతకం పెట్టే ముందు పైకి చదివి వినిపించడం కూడా పద్ధతే కాబట్టి చదివాను. చదవడం అయ్యేసరికి చెంచురామయ్య గారు రోడ్డు దాటి వచ్చి బల్ల పక్కన నిలబడ్డారు.

"బాగా రాశావురా. ఒక్క మార్పు చెయ్యి. సదరు వ్యక్తి అన్నచోటల్లా వీడి పేరు పెట్టు. నా, నాకు అన్నచోటల్లా ఖాళీ వదులు. ఆ ఖాళీలో ఎవరి పేరో వీడికి తెలుసు. నీకు తెలియక్కర్లేదు."

నేను మార్చి మళ్ళీ చదివాను. చైతన్యకృష్ణ ఆ మార్పుకి కోప్పడతాడనుకున్నాను. వాడు బల్ల అంచు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నిద్రాహారములు అన్న మాట దగ్గర కళ్ళు దించుకున్నాడు. ఇదంతా ఆ అమ్మాయికీ ఉంటదా తాతా అని అడిగాడు. వాడు నిజంగా తెలియకే అడిగాడు, అదే నన్ను భయపెట్టింది.

"నీకు పది రోజులు. ఆమెకి ఏడు నెలలు," అన్నారాయన.

వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అప్పుడు చెప్పారు నాకు. ఆ రోజు హాలంతా తెర చూస్తుంటే ఇద్దరు మాత్రం చూడలేదట. ఒక పిల్ల కాళ్ళు కుర్చీ మీదికి లాక్కుని, ఒళ్ళో బ్యాగు హత్తుకుని తలుపువైపు చూస్తోంది. రెండు వరుసల వెనక ఈ కుర్రాడు ఆ పిల్లని చూస్తున్నాడు. తాళం వేసిన సీన్లో మనవాళ్ళు చప్పట్లు కొడుతుంటే ఆ పిల్ల చెవులు మూసుకుందట. ఇంటర్వెల్లో ఈయన వెళ్ళి అడిగితే, వాడు ఏడు నెలలుగా వెంట తిరుగుతున్నాడని చెప్పి, పోలీసులన్నా ఇంట్లోవాళ్ళన్నా వద్దని చేతులు పట్టుకుంది. ఇంట్లో తెలిస్తే వాణ్ణి ఏమీ అనరు, తన కాలేజీ మాన్పిస్తారు. డిగ్రీ ఆఖరి పరీక్షలు ఇంకో ఇరవై రోజుల్లో ఉన్నాయి.

"ఎవరికీ చెప్పకుండా ఏం చెయ్యగలనురా? నాకు చూడ్డం ఒక్కటే వచ్చు. వాడు నన్ను చూసుకుంటుంటే ఆ పిల్లని చూడ్డానికి తీరిక ఉండదనుకున్నా."

నా చప్పట్లు నా చెవుల్లో మోగాయి. ఊరంతా ఆయన్ని పిచ్చివాడన్న పది రోజులూ నేనూ ఆ ఊళ్ళో ఉన్నాను కదా అని కుమిలిపోయాను.

ఆఖరి పరీక్ష రోజున ఆయన నన్ను కాలేజీ గేటు ఎదురుగా సోడాబండి పక్కకి తీసుకెళ్ళారు. మబ్బుపట్టి, సన్నగా తుంపర పడుతోంది. పిల్లలు గుంపుగా బయటికి వచ్చారు. వాళ్ళలో ఆ పిల్ల ఎవరో నేనడగలేదు, ఆయన చూపించలేదు. ఒకమ్మాయి మాత్రం స్నేహితురాళ్ళని వదిలి, ఒంటరిగా, ప్రశ్నపత్రం నెత్తిన పెట్టుకుని బస్టాండు వైపు నడిచింది. మలుపు తిరిగేదాకా ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. అప్పుడాయన ఊపిరి వదిలి సోడా తాగారు.

"పద. మీ పిన్ని నన్ను మధ్యాహ్నం బస్సుకి గుంటూరులో తలకాయ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తోంది."

"ఇప్పటికైనా నిజం చెప్పెయ్యండి బాబాయ్. పిన్నికన్నా చెప్పండి."

"ఆవిడకి చెబితే ఆ పిల్లని పిలిచి పసుపు కుంకుమ ఇచ్చిందాకా ఊరుకోదు. ఊరంతా తెలుస్తుంది. పిచ్చే అని ఒప్పుకుంటాలే. ఇచ్చే బిళ్ళ చేదుగా లేకుండా చూడమని ఆ డాక్టరుకి ఒక అర్జీ రాసివ్వు."